మధుమేహులకు ఇంట్లోనే రక్తపరీక్ష – ఎందుకు? ఎప్పుడు? ఎలా?

"నాడి చూసి నా షుగరెంతో చెప్పండి, శాస్త్రిగారూ!" అని చేయి చాపేవారు నా వద్దకు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తూంటారు. నలభై ఏళ్లకు పైగా నాడి పట్టిన చేయి నాది. రోగి దేహంలో వాతపిత్తకఫాల గతి ఎట్లున్నదో, జఠరాగ్ని మందగించినదో లేదో నాడి నాకు కొంత చెబుతుంది. అయితే రక్తంలో చక్కెర నూట ఇరవై ఉన్నదా, రెండువందల ఇరవై ఉన్నదా అన్న సంగతి మాత్రం నాడి చెప్పదు. ఈ మాట చెప్పినప్పుడు కొందరి ముఖం చిన్నబోతుంది. అయినా చెప్పక తప్పదు.

నాడి కోసం చేయి చాపేవారికంటె నన్ను ఎక్కువ కలవరపెట్టేవారు మరొకరున్నారు. "ఒంట్లో తేలికగా ఉందండీ, షుగరు తగ్గినట్టే ఉంది" అనేవారు. ఈ "తగ్గినట్టే" అన్న మాటను నమ్మి మాత్రలు మానివేసిన వారిని, పథ్యం విడిచిన వారిని, చివరకు కాలిపుండుతో తిరిగి వచ్చిన వారిని నేను చూశాను. చక్కెర 200 దాటి నెలల తరబడి నిలిచినప్పటికీ దేహం దానికి అలవాటు పడిపోతుంది. దాహం వేయదు, నీరసం తెలియదు, రోగి హాయిగా తిరుగుతూంటాడు. ఆ హాయిలోనే కంటి వెనుక సన్నని రక్తనాళాలు, మూత్రపిండాలు, పాదాల నరాలు క్షీణిస్తూంటాయి.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారు. మరి 13 కోట్లకు పైగా జనం ఆ వ్యాధి గడప మీద నిలిచి ఉన్నారు. కనుక ఇది ఏ ఒక్కరి ఇంటి సంగతో కాదు.

చీమల నుండి చుక్క వరకు

గురుకులంలో మాకు మాధవనిదానం వల్లె వేయించేటప్పుడు ప్రమేహ ప్రకరణం రాగానే గురువుగారు పుస్తకం మూయించి, చరక మహర్షి నిదానస్థానంలో చెప్పిన విషయం వివరించేవారు. రోగి దేహానికి, మూత్రానికి చీమలు చేరడం ప్రమేహానికి పూర్వరూపం. గురువుగారు రోగిని అడిగే తొలి ప్రశ్న కూడా అదే: "దొడ్లో మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయా నాయనా?"

మరొక సంగతి పాఠకులు గమనించాలి. సుశ్రుతాచార్యుడు ప్రమేహానికి చికిత్స చెప్పి ఊరుకోలేదు. రోగి కోలుకున్నాడని ఎట్లు తెలుసుకోవాలో కూడా చెప్పాడు. మూత్రం కలకదేరి, జిగురు పోయి, తేటగా ఉండి, తీపి విడిచి చేదు కారపు రుచులకు వచ్చినప్పుడే ఆరోగ్యం కలిగినదని భావించాలన్నాడు. అనగా, ఔషధం ఇచ్చిన వైద్యుడు తన ఔషధం పనిచేసినదా లేదా అని పరీక్షించి చూడాలన్నది మన శాస్త్రంలోనే ఉన్నది. "పరీక్షలు ఇంగ్లీషు వైద్యానికేగాని మన వైద్యానికి ఎందుకండీ?" అనేవారు ఈ అధ్యాయం చదివి ఉండరు.

నేను వైద్యం ప్రారంభించిన రోజుల్లో ఇళ్లలో బెనెడిక్ట్ ద్రావకం ఉండేది. పరీక్షనాళికలో ఆ నీలిరంగు ద్రావకం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచేవారు. నీలం నీలంగానే నిలిస్తే చక్కెర లేదని, ఆకుపచ్చగా మారితే కొద్దిగా, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగు వస్తే చాలా ఎక్కువ అని లెక్క. పిల్లలకు అదొక వేడుకగా ఉండేది.

ఆ పరీక్షలో ఒక లోపమున్నది. మూత్రపిండం చెరువు అలుగు వంటిది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేగాని అలుగు మీదుగా పొర్లి మూత్రంలోకి రాదు. అలుగు పొడిగా ఉన్నంత మాత్రాన చెరువులో నీరెంత ఉన్నదో తెలుస్తుందా? రక్తంలో 170 ఉన్నా ద్రావకం నీలమే, 90 ఉన్నా నీలమే, ప్రాణాపాయకరంగా 40కి పడిపోయినా నీలమే. వృద్ధులలో కొందరికి ఈ అలుగు మరింత ఎత్తున ఉంటుంది, అప్పుడు 220 ఉన్నా మూత్రంలో కనిపించకపోవచ్చు.

వేలికొన నుండి తీసిన రక్తపు చుక్కతో చక్కెర కొలిచే యంత్రం అమెరికాలో 1970 ప్రాంతంలో వచ్చింది. అది తొలుత ఆసుపత్రులకే పరిమితం. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, పన్నెండేళ్ల వయసు నుండి మధుమేహి, వైద్యురాలైన తన భార్య పేరు మీద దానిని తెప్పించుకొని రోజుకు పలుమార్లు తన రక్తం తానే పరీక్షించుకోసాగాడు. ఏది తింటే ఎంత పెరుగుతున్నదో, ఎంత మందుకు ఎంత తగ్గుతున్నదో రాసుకున్నాడు. ఆ అనుభవాన్ని వ్యాసంగా రాసి పంపితే వైద్య పత్రికలు స్వీకరించలేదు. అందుకని నలభై దాటిన వయసులో వైద్యకళాశాలలో చేరి వైద్యుడయ్యాడు! రోగి చేతిలో యంత్రం ఉండడం నేడు మామూలు విషయమైనది గాని, దాని వెనుక ఇంతటి పట్టుదల ఉన్నది.

నా వల్ల జరిగిన పొరపాటు

ఈ సంగతి పత్రికలో రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. 2006వ సంవత్సరంలో అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడ ఒకరు నా వద్దకు వచ్చారు. అప్పటికి తొమ్మిదేళ్లుగా గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు వాడుతున్నారు. నేను మెంతుల చూర్ణం, ఉదయం కాకరకాయ రసం చెప్పాను. రెండూ చక్కెరను తగ్గించేవే. మాత్ర కూడా తగ్గించేదే. మూడూ కలిసినప్పుడు ఏమవుతుందని నేను ఆలోచించలేదు. "మీ డాక్టరుగారికి ఈ విషయం చెప్పండమ్మా" అని కూడా అనలేదు. ఇంట్లో పరీక్ష చేసుకోమని అసలే అనలేదు.

మూడు వారాలకు ఏకాదశి వచ్చింది. ఆవిడ ఉపవాసముండి, అలవాటు కొద్దీ మాత్ర, రసం రెండూ తీసుకున్నారు. రాత్రి పదకొండు గంటలకు ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు, కొడుకును గుర్తుపట్టలేకపోవడం. ఇంట్లో వారు పక్షవాతమనుకొన్నారు. ఒక ముసలమ్మగారు దిష్టి తీశారట. పక్కింటి అబ్బాయి తన తండ్రి కోసం కొన్న గ్లూకోమీటరు పట్టుకొచ్చి వేలు గుచ్చి చూస్తే 38! మింగగలిగే స్థితిలో ఉన్నారు కనుక పంచదార నీళ్లు పట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం చాలాసేపు నిలుస్తుంది, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనపడిన వృద్ధులలో. తేరుకున్నారనుకున్న మనిషికి మళ్లీ మళ్లీ చక్కెర పడిపోతుంది. రెండు రోజులు గ్లూకోజు ఎక్కించవలసి వచ్చింది.

కోలుకున్న తరువాత నేను చూడబోతే ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీ తప్పేముంది శాస్త్రిగారూ, తినకుండా మాత్ర మింగడం నాదే బుద్ధితక్కువ" అన్నారు. ఆ మాటతో నా మనస్సు మరింత కుంగింది. మరునాడే నేనొక గ్లూకోమీటరు కొన్నాను. ఇంగ్లీషు మందులు వాడుతున్న మధుమేహికి, ఇంట్లో కొలిచి రాసిన పుస్తకం లేనిదే, అంతవరకు ఏ చూర్ణమూ ఇవ్వకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను.

పరీక్ష చేసుకునే విధానం

చూడడానికి తేలికగానే ఉంటుంది గాని ఇందులో పొరపాట్లు ఎక్కువ. మొదటిది చేతుల శుభ్రత. నిరుడు వేసవిలో మామిడిపండ్లు కోసిన చేత్తోనే నా భార్య పరీక్ష చేసుకుంటే 312 వచ్చింది. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తాము. సబ్బుతో చేతులు కడిగించి, పొడిగా తుడిపించి మళ్లీ చూస్తే 134. వేలికి అంటిన పండ్లరసమే ఆ తేడాకు కారణం. స్పిరిటు దూదితో తుడిస్తే సరిపోతుందని అనుకోవద్దు. సబ్బు, నీరు, పొడిగుడ్డ – ఇవే కావాలి. తడి చేతితో గుచ్చినా రక్తం పలచబడి తక్కువ చూపుతుంది.

వేలి కొన మెత్తపై గాక పక్కభాగాన గుచ్చితే నొప్పి తక్కువ. చేయి కాసేపు కిందికి వేలాడదీసి, మెల్లగా రుద్దితే రక్తం వస్తుంది. గట్టిగా పిండకూడదు. పిండితే కణజాలపు నీరు కలిసి లెక్క తప్పుతుంది. రోజూ ఒకే వేలిని బాధించక మార్చుకోండి.

పరీక్ష పట్టీలను వాటి డబ్బాలోనే గట్టిగా మూతపెట్టి ఉంచాలి. గాలిలోని తేమ తగిలితే పాడవుతాయి. వంటింట్లో పొయ్యి దగ్గర, కిటికీ ఎండలో, కారులో వదలకూడదు. మన వేసవికి భయపడి ఫ్రిజ్‌లో పెట్టేవారున్నారు, అదీ తగదు. గడువు తేదీ దాటిన పట్టీ వాడకండి. కొన్ని యంత్రాలకు పట్టీల డబ్బా మీది సంకేత సంఖ్యను సరిచూసుకోవాలి.

మన ఇళ్లలో ఒక దురలవాటున్నది. పండుగకు అందరూ చేరినప్పుడు, ఎవరో ఒకరి యంత్రం బయటికి తీసి "నాకూ చూడు, నాకూ చూడు" అంటూ ఒకే సూదితో పదిమందికి గుచ్చడం. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వంటి వ్యాధులు రక్తం ద్వారా సంక్రమిస్తాయి. భార్యాభర్తలైనా సరే, సూది ఎవరిది వారిదే. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. చెత్తలో ఊరికే పారేస్తే చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటాయి.

ఎప్పుడు చూడాలి?

ఇన్సులిన్ తీసుకునేవారు రోజుకు పలుమార్లు చూసుకోవాలి, ఆ లెక్క వారి డాక్టరు నిర్ణయిస్తారు. గర్భిణులు కూడా అంతే. కేవలం పథ్యంతోనో, మెట్‌ఫార్మిన్ మాత్రతోనో నిలకడగా ఉన్నవారు రోజూ వేలు గుచ్చుకోనక్కరలేదు. పట్టీల ఖరీదు మధ్యతరగతి ఇంటికి భారమే కదా! అటువంటి వారికి నేను చెప్పే పద్ధతి ఇది. వారానికి ఆరు పట్టీలు చాలు. సోమవారం ఉదయం ఫలహారానికి ముందు ఒకటి, తరువాత ఒకటి. బుధవారం మధ్యాహ్న భోజనానికి ముందు, తరువాత. శుక్రవారం రాత్రి భోజనానికి ముందు, తరువాత. "తరువాత" అంటే మొదటి ముద్ద నోట పెట్టినప్పటి నుండి రెండు గంటలకు. తిని లేచినప్పటి నుండి కాదు.

జంటగా ఎందుకంటారా? నా అనుభవమే చెబుతాను. అరవై దాటిన తరువాత నాకూ ఈ వ్యాధి పట్టుకున్నది. "వైద్యో నారాయణో హరిః" అన్నంత మాత్రాన వైద్యుణ్ణి వ్యాధి విడిచిపెడుతుందా! అన్నం తగ్గించి, ఉదయం రాగిజావ తాగడం మొదలుపెట్టాను. రాగులు షుగరుకు మంచివని ఎందరికి చెప్పి ఉంటానో లెక్కలేదు. పరగడుపున 118, జావ తాగిన రెండు గంటలకు 214! యంత్రం చెడిపోయినదనుకొని మరునాడు మళ్లీ చూశాను. 208. ధాన్యం ఏదైనా మెత్తగా పిండి పట్టి, పలుచగా కాచి తాగితే అది నమిలే పని లేకుండా వేగంగా జీర్ణమై వేగంగానే రక్తంలో చేరుతుందన్న విషయం నా వేలే నాకు నేర్పింది. అదే రాగిపిండితో ముద్ద చేసి, చిన్న పరిమాణంలో, ఆకుకూర పప్పుతో తింటే 160 లోపే నిలిచింది. మీకు ఈ అంకెలే రావాలని లేదు, మీ దేహం వేరు. అందుకే ఎవరి వేలితో వారు చూసుకోవాలి. పరగడుపు అంకె ఒక్కటే చూసుకొని తృప్తిపడే వారికి ఈ భోజనానంతరపు పెరుగుదల ఎన్నటికీ తెలియదు.

పంచదార మాని బెల్లం, తేనె వాడుకోవచ్చునా అని అడిగేవారికి కూడా ఇదే సమాధానం. జంట పరీక్ష చేసి చూడండి. బెల్లంలో కూడా అధికభాగం చక్కెరే.

అంకెలను అర్థం చేసుకోవడం

గర్భిణులు కాని పెద్దవారైన మధుమేహులలో చాలామందికి భోజనానికి ముందు 80 నుండి 130 వరకు, భోజనం మొదలైన రెండు గంటలకు 180 లోపు ఉండాలన్నది ఆధునిక వైద్యుల లక్ష్యం. బాగా వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి, తరచు చక్కెర పడిపోయేవారికి ఈ కట్టడి సడలిస్తారు. మీ లక్ష్యమెంతో మీ వైద్యుని అడిగి పుస్తకం మొదటి పుటలో రాసుకోండి.

ఇంటి యంత్రం తూనికరాయి కాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మంచి యంత్రమైనా ప్రయోగశాల లెక్కకు పదిహేను శాతం అటో ఇటో చూపవచ్చు. 142 తరువాత 151 వస్తే షుగరు పెరిగినదని దిగులుపడనక్కరలేదు, ఆ రెండూ ఒకటే. రక్తహీనత ఉన్నవారికి కొన్ని యంత్రాలు ఉన్నదానికంటె ఎక్కువ చూపుతాయి. కనుక ఏడాదికి ఒకటి రెండు సార్లు పరగడుపున ప్రయోగశాలలో రక్తం ఇచ్చేటప్పుడే అక్కడే వేలు గుచ్చుకొని, రెండు అంకెలూ పోల్చుకోండి. అన్నట్టు, వ్యాధి ఉన్నదో లేదో తేల్చడానికి ఇంటి యంత్రం పనికిరాదు. అది ప్రయోగశాల చేయవలసిన పని.

రాత్రి రెండు పుల్కాలే తిన్నా ఉదయం ఎక్కువ చూపుతోందని బాధపడేవారు చాలామంది. తెల్లవారుజామున మనల్ని నిద్రలేపడానికి దేహం కొన్ని స్రావాలను విడుదల చేస్తుంది. వాటి ప్రేరణతో కాలేయం తన నిల్వలోని చక్కెరను రక్తంలోకి వదులుతుంది. రాత్రి పుల్కాల నేరం అందులో స్వల్పం. అందుకని రాత్రి భోజనం మానివేసి, మాత్ర మాత్రం వేసుకునే తప్పు చేయవద్దు.

చక్కెర పడిపోతే

70 కంటె తగ్గితే అది తక్కువే. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు, మాట తడబాటు దీని లక్షణాలు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు గుండెదడను కప్పివేస్తాయి, చెమట మాత్రం పడుతుంది. వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీటిలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అదే చేయాలి. తేరుకున్నాక ఏదైనా ఆహారం తినాలి. చాక్లెట్టు, పాలు వంటి వాటిలోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. అకార్బోస్, వాగ్లిబోస్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, వారు గ్లూకోజు పొడి ఇంట్లో ఉంచుకోవాలి. స్పృహ తప్పిన వారి నోట్లో ఏమీ పోయరాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రికి తరలించడమొక్కటే మార్గం. యంత్రం అందుబాటులో లేకపోతే, తక్కువేనన్న అనుమానం మీద పంచదార ఇచ్చి తరువాత వెతుక్కోండి.

అంకె తరచు 300 దాటుతూ వాంతులు, ఆయాసం, మగత కనిపిస్తే ఇంటి చిట్కాలకు అది సమయం కాదు. ఆలస్యం చేయకుండా వైద్యుని చేరాలి.

మన మూలికల మాట

మెంతులు, కాకర, నేరేడు గింజలు, పొడపత్రి, ఉసిరిక పసుపు – ఇవన్నీ నేను నేటికీ ఇస్తూనే ఉన్నాను. కాని ఒకసారి ఒకటే. పది రోజులు జంట పరీక్షలు రాయించి, తరువాత మూలిక మొదలుపెట్టి, మళ్లీ రాయిస్తాను. తేడా లేకపోతే మానిపిస్తాను. తేడా కనిపిస్తే ఆ పుస్తకం చేతికిచ్చి "మీ డాక్టరుగారికి చూపి, మాత్ర తగ్గించాలో లేదో అడగండి" అని పంపుతాను. మాత్రను రోగి తగ్గించుకోకూడదు, నేనూ తగ్గించను. ఇన్సులిన్ విషయంలో మరీను.

పొడపత్రి గురించి చిన్న మాట. ఆ ఆకు నమిలితే కాసేపు పంచదార ఇసుకలాగ చప్పగా ఉంటుంది. "నాలుక మీద తీపి పోయింది, ఇక రక్తంలో కూడా పోయినట్టే" అని సంబరపడిన పెద్దమనిషి ఒకరికి ఆ పూటే వేలు గుచ్చి 246 చూపించవలసి వచ్చింది. ఇక పేరూ ఊరూ లేని పొట్లాల్లో అమ్మే "షుగరు పొడులు" కొనకండి. అటువంటి కొన్నింటిలో ఇంగ్లీషు మాత్రల పొడి కలిపినట్టు పరీక్షల్లో తేలిన సందర్భాలున్నాయి. అటువంటి పొడితో అంకె హఠాత్తుగా తగ్గితే సంతోషించడం కాదు, అనుమానించాలి.

మూడు నెలలకొకసారి చేయించే హెచ్‌బిఎ1సి పరీక్ష సగటును చెబుతుంది. చాలామందికి అది 7 లోపు ఉండాలంటారు. కాని ఒకరోజు 60, మరొకరోజు 250 ఉన్నవారి సగటు కూడా బాగానే కనిపించవచ్చు. ఆ ఎత్తుపల్లాలు ఇంటి పుస్తకంలోనే కనబడతాయి. నేడు భుజానికి అంటించుకొని రెండు వారాలపాటు లెక్క చూపే పరికరాలు కూడా వచ్చాయి. స్తోమత ఉన్నవారు వాడుకోవచ్చు.

ముందు చెప్పిన ఆ పెద్దావిడ తరువాత యంత్రం కొనుక్కున్నారు. పుస్తకం వేరే ఎందుకని పంచాంగంలోనే, తిథి పక్కన, సన్నని అక్షరాలతో అంకెలు రాసేవారు. ఎనభై ఏళ్లు నిండే వరకు నాకు చూపించేవారు. ఒక ఏకాదశి పక్కన ఇట్లా ఉన్నది: "అరటిపండు, పాలు. మాత్ర సగం – డాక్టరుగారు చెప్పినట్టు. 104. కాకర రసం లేదు – శాస్త్రిగారు చెప్పినట్టు."